తుండుగుడ్డ కింద చెయ్యి

మామిడికాయల దళారి పెళ్ళానికి షుగర్ రావడం కంటే పెద్ద ఎకసెక్కం దేవుడు ఇంకొకటి చేయలేడు. ఏప్రిల్ నెలాఖరు నుంచి ఆగస్టు దాకా మా ఇంట్లో మంచం కింద, బీరువా పక్కన, కడకు దేవుడి గూటి కింద కూడా గడ్డి పరచి కాయలు మాగేస్తుంటాం. ఇల్లంతా బేనీషా వాసన. నేను మాత్రం పొద్దున ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర మింగి, ఆ వాసనతోనే కడుపు నింపుకోవాలి. మా ఆయన పరంధామయ్య ఏటా నా మాత్రల డబ్బా చూసి ఎగతాళి చేసేవాడు.

"పండు తినాల్సిన నోట్లో మందేసుకుంటా ఉండావు. మన యాపారానికే అప్రదిష్ట గదే" అనేవాడు.

ఈ ఏడు ఆ మాట అనలేదు. అనే ఓపిక ఆయనకు లేదు.

మాది పాకాల దగ్గర ఊరు. మా మండీలో గుజ్జు ఫ్యాక్టరీకి పోయే తోతాపురి రేటు బోర్డు మీద రాస్తారు. కోసుకుని తినే కాయలకు, అంటే బేనీషాకు, ఖాదర్‌కు, ఇప్పటికీ గుడ్డ కిందే బేరం. దళారి, కొనేవాడు కుడిచేతులు కలుపుతారు, పైన తుండుగుడ్డ కప్పుతారు. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, అయిదూ కలిపి పట్టుకుంటే అయిదు, వేలి నడిమి కణుపు మీద నొక్కితే అర. నోటితో ధర చెప్పకూడదు. బేరం తెగేదాకా గుడ్డ ఎత్తకూడదు. ఎడమచెయ్యి ఇవ్వకూడదు, అది తిట్టుతో సమానం. చుట్టూ ఎంతమంది నిలబడి చూసినా లోపల ఏం జరుగుతోందో ఆ రెండు చేతులకే తెలుస్తుంది. ముప్పై ఏళ్ళుగా మా ఇంటి అన్నం ఆ కుడిచేతి వేళ్ళ మీదే వచ్చింది.

నా టిఫిన్ అంగడి మండీ గేటు పక్కనే. పొద్దున ఇడ్లీ, దోసె, మధ్యాహ్నం సంగటి. అందుకని నేను చెప్పేదంతా కళ్ళారా చూసి చెబుతున్నదే. వేళ్ళ లెక్క కూడా చూసి నేర్చుకున్నదే. ఆయనగా నా చెయ్యి పట్టి ఏనాడూ నేర్పలేదు. "ఆడోళ్ళకు ఇది కూడా నేర్పితే ఇంగ ఇంట్లో మేము బతికినట్టే" అనేవాడు.

మొన్న మంచుకాలంలో ఆయనకు అక్కి లేచింది. చంక దగ్గర మొదలై మోచేతి మీదుగా వేళ్ళ దాకా ద్రాక్షగుత్తుల్లాగా పొక్కులు. ఆసుపత్రికి పోదాం రా అంటే వినలేదు. కుమ్మరి గంగాధరం దగ్గరికి పోయి, చేతి నిండా ఎర్రమట్టితో సింహం బొమ్మ రాయించుకుని వచ్చాడు. మా వైపు అక్కికి తరతరాలుగా అదే వైద్యం. పొక్కులు మాడిపోయాయి, పక్కులు రాలిపోయాయి. మంట మాత్రం చేతిలోనే కాపురం పెట్టింది.

అదేం నొప్పో నాకు ముందు అర్థం కాలేదు. పైకి చూస్తే చెయ్యి నున్నగా ఉంది. కానీ ఫ్యాను గాలి తగిలితే కెవ్వుమనేవాడు. చొక్కా చెయ్యి తగిలినా నిప్పు పెట్టినట్టు ఉంటుందని, ఉన్న చొక్కాలన్నిటికీ కుడిచేయి కత్తిరించి పారేశాడు. రాత్రి ఆ చేతికి విడిగా ఒక దిండు. నేను పక్కన మసిలితే "దూరం జరుగు, దూరం జరుగు" అని అరుపు. కొత్త కోడలిగా వచ్చినప్పుడు కూడా ఇంత దూరం పడుకోలేదు నేను. పాకాలలో డాక్టరు ఇచ్చిన మాత్రలు వేస్తే నొప్పితో పాటు మనిషి కూడా పడుకునేవాడు. ఒకరోజు మిట్టమధ్యాహ్నం నిలబడి నిద్రపోయి ఖాళీ బుట్టల మీద పడ్డాడు. ఆ మాత్రలు ఆపేశాడు.

అయినా సీజను మొదలయ్యేసరికి తగ్గిపోతుందని ఇద్దరం నమ్మాం. నమ్మడానికి ఖర్చేముంది?

*

మొదటి బేనీషా లోడు ఏటా తిరుమలయ్యదే. మా పక్క ఊరి రైతు, మా ఆయన్ని మామా అంటాడు. ఆ రోజు కాయ రాశి పోసి, గడ్డి దులిపి, ఎదురుగా నిలబడ్డాడు. కొనేవాడు వేలూరు నుంచి వచ్చే మునికుమార్. మా ఆయన తుండుగుడ్డ భుజం మీద నుంచి తీసి, పళ్ళు బిగబట్టి, చెయ్యి ముందుకు చాపాడు. మునికుమార్ చెయ్యి గుడ్డ కిందికి పోయింది.

మరుక్షణం మా ఆయన పెట్టిన అరుపుకు నా పెనం మీద దోసె మాడింది. చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. గుడ్డ జారి కింద పడింది. మునికుమార్ మూడు వేళ్ళు గాలిలో అలాగే నిలబడిపోయాయి. మండీ మొత్తం ఆ మూడు వేళ్ళనూ చూసింది.

బేరం మధ్యలో గుడ్డ జారడమంటే నలుగురిలో పంచె జారినట్టే. మునికుమార్ ముఖం నల్లబడింది.

"ఎన్నప్పా ఇది? నా ధర ఊరంతా సూడాల్నా?" అన్నాడు.

మా ఆయన తమ్ముడి వరస గోవిందు, వాడూ దళారే, పరుగున వచ్చి తన గుడ్డ కప్పి బేరం ముగించాడు. వాణ్ణి తప్పు పట్టలేను, కాయ ఎండలో ఉంది. మా ఆయన వచ్చి నా అంగడి బల్ల మీద కూర్చుని, కుడిచెయ్యి దేనికీ తగలకుండా ఎత్తి పట్టుకున్నాడు.

"వసంతా, ఇంగ నా సెయ్యి అయిపోయింది" అన్నాడు.

నాకు ఏడుపు వచ్చింది, ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. "సెయ్యి అయిపోతే నోరుండాది గదా, పద, తిరపతి పెద్దాసుపత్రిలో సూపిద్దాం. ఈసారి వద్దన్నావంటే ఆ సేతినే పట్టుకుని ఈడ్చుకపోతా" అన్నాను. ఆ బెదిరింపుకు లొంగాడు.

*

తిరుపతిలో నరాల డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. దూది తెచ్చి ఆయన చేతి మీద అలా తాకించింది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అక్కి మానినా నరం దెబ్బతింటే ఇలాంటి నొప్పి మిగులుతుంది. పొక్కులు లేచిన రెండు మూడు రోజుల్లో వచ్చి ఉంటే బాగుండేది" అంది. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన కిటికీ వైపు చూశాడు.

తరువాత ఆమె చెప్పింది విని నాకు నవ్వాగలేదు. షుగర్‌కు వాడే ఒక పాత మాత్ర ఉంది, అది నరాల నొప్పికి కూడా పని చేస్తుందేమోనని అక్కడ పరీక్షించి చూస్తున్నారట. పేరు చెప్పింది. నా డబ్బాలో ఉన్న మాత్రే!

"అమ్మా, అది నేను పదేండ్లుగా మింగతా ఉండా! ఈయనకు షుగర్ లేదే?" అన్నాను.

"లేకపోయినా ఫరవాలేదమ్మా, రక్తం, కిడ్నీలు పరీక్ష చేశాకే ఇస్తాం. కానీ ఒక సంగతి ముందే చెప్పాలి. ఇది నొప్పికి పని చేస్తుందని ఇంకా ఎవరికీ గట్టిగా తెలియదు. అది తెలుసుకోవడానికే ఈ ప్రయత్నం. సగం మందికి అసలు మాత్ర ఇస్తాం. సగం మందికి చూడటానికి అలాగే ఉండే ఉత్త మాత్ర, అందులో మందు ఉండదు. ఎవరికి ఏది వెళ్తుందో నాకూ తెలియదు, మీకూ తెలియదు. అందరిదీ పూర్తయ్యాకే బయటపెడతారు. ఇష్టమైతేనే చేరండి, బలవంతం లేదు. మధ్యలో మానుకోవచ్చు కూడా."

నాకు ఆ మాట నచ్చలేదు. ఇంత దూరం బస్సులో వచ్చి ఉత్త మాత్ర మింగడమా? లేద్దాం పద అని సైగ చేశాను. మా ఆయన మాత్రం, వచ్చినప్పటి నుంచి మొదటిసారి, నిటారుగా కూర్చున్నాడు.

"అంటే లోపల ఏముండాదో గుడ్డ ఎత్తేదాకా మీకూ తెల్దు, మాకూ తెల్దు" అన్నాడు.

"ఏ గుడ్డ?" అంది డాక్టరమ్మ.

"ఇది మా మండీ బేరమే గదమ్మా! ఇట్లాంటిది నాకు ముప్పై ఏండ్ల అలవాటు" అని ఆమెకు గుడ్డ కింద బేరం ఎట్లా ఉంటుందో మొత్తం వివరించాడు. ఆ అమ్మాయి చెంపకు చెయ్యి పెట్టుకుని విన్నది. ఎడమచేత్తోనే సంతకం పెట్టాడు, కోడి గీకినట్టుగా.

*

మా ఇంట్లో రహస్యాలు నిలవవు, నా వల్లే. మర్నాడు పొద్దున టిఫినుకు వచ్చిన వాళ్ళందరికీ ఇడ్లీతో పాటు ఈ వార్త కూడా వడ్డించాను. "మా ఆయనకూ నా మాత్రే ఇచ్చినారబ్బా! పదేండ్లు నన్ను ఎగతాళి సేసినాడు గదా, ఇప్పుడు మింగమను" అని నవ్వాను. నేను నవ్వింది ఒక దానికి, మండీ విన్నది ఇంకొక దాన్ని. మధ్యాహ్నానికి మండీ అంతా ఒకటే మాట. పరంధామయ్యకు షుగర్ వచ్చింది.

సాయంత్రానికి పరామర్శలు మొదలు. ఒకరు నేరేడు గింజల పొడి తెచ్చారు. ఒకరు కాకరకాయలు బుట్టెడు. గంగాధరం పొడపత్రి ఆకు కోసుకొచ్చి, "అక్కి నేను తగ్గించినా, ఇది నా సేతిలో లేదన్నా" అని తల ఊపి పోయాడు. షుగర్ నాకు వచ్చినప్పుడు ఒక్కరు తొంగి చూస్తే ఒట్టు. షుగర్ కాదు మొర్రో అంటే ఎవరూ వినరు. షుగర్ మాత్ర వేసుకుంటూ షుగర్ లేదంటే నవ్వరా? ఆకలి లేదంటూనే అన్నం తిన్నట్టు.

నవ్వులాటగా ఉన్నంతసేపు బాగానే ఉంది. తరువాత గోవిందు నా దగ్గరికి వచ్చి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి చెప్పాడు.

"వదినా, రైతులు వేరేగా అనుకుంటా ఉండారు. షుగరొస్తే సేతి ఏళ్ళు మొద్దుబారతాయంట గదా. పరంధామన్న ఏళ్ళకు ఇంగ అర తెలీదు, మన కాయ ఎంతకు పోయిందో ఆయనకే తెలీదు అంటా ఉండారు. ఇందులో నేను నోరు పెడితే, అన్న దళారి సీటు కోసం ఈ మాట వీడే పుట్టించినాడంటారు. నువ్వే ఏదో ఒకటి సెయ్యి."

నా ప్రాణం ఉసూరుమంది. అసలు జబ్బు ఏమో తాకితే భరించలేని నొప్పి. ఊరు పెట్టిన జబ్బు ఏమో తాకినా తెలియని మొద్దు. నొప్పి రేపు తగ్గినా, ఈ మాట అంటుకుంటే ఏ రైతూ ఆయన్ని నమ్మి కాయ పోయడు. చెయ్యి నమ్మకం మీద బతికేవాడికి అదే చావు.

ఆయనకు చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "ముందు సెయ్యి రానీ" అన్నాడు, అంతే.

ఇక నేను ఆ మాత్ర అసలుదా, ఉత్తదా అని కనిపెట్టే పనిలో పడ్డాను. నాకు తెలిసిన గుర్తు ఒకటుంది. ఆ మాత్ర కొత్తలో కడుపును కుదిపేస్తుంది. నాకు మొదట్లో వారం రోజులు గడప దాటనివ్వలేదు. అందుకని ఈయన చెంబు పట్టుకుంటాడా అని కాపలా కాశాను. ఒక పొద్దున నిజంగానే చెంబు పట్టుకుని పరుగెత్తాడు. నాకు పట్టరాని సంతోషం. దేవుడి గూటి ముందు కర్పూరం వెలిగించాను. ఆయన తిరిగొచ్చి, "ఎందుకే కర్పూరం?" అన్నాడు.

"అసలు మాత్రే పడింది నీకు!"

"మాత్రా లేదు పాడూ లేదు. నిన్న గోవిందు తోటలో పనసకాయ కోసినారు. పొట్టపగల తిన్నా" అన్నాడు.

నా కర్పూరం దండగ.

*

వారానికోసారి ఆసుపత్రి నుంచి నర్సు స్టెల్లా ఫోన్ చేసేది. మెత్తటి గొంతు. "అయ్యా, నొప్పి సున్నా నుంచి పదిలో ఎంత ఉంది?" అని అడిగేది. మా ఆయనకు ధర అడిగితే నేరుగా చెప్పే అలవాటు ఈ జన్మలో లేదు.

"నువ్వెంతనుకుంటా ఉండావు పాపా?"

"నేను అనుకోవడం కాదయ్యా, మీరు చెప్పాలి."

"పోయిన వారం తొమ్మిదన్నా గదా. ఈవారం కూడా తొమ్మిదే. సరేలే, అడిగినావు గాబట్టి ఎనిమిదిన్నర ఏసుకో."

"ఇది బేరం కాదయ్యా" అని ఆ పిల్ల నవ్వేది.

మే నెల అయిపోవచ్చింది. ఎనిమిదిన్నర కిందికి దిగలేదు. బేనీషా జోరు మీద ఉంది, లారీలు గేటు బయట దాకా నిలబడుతున్నాయి, ఆయన నా అంగడిలో ఎడమచేత్తో ఈగలు తోలుతున్నాడు. చూడలేకపోయాను. ఒకరోజు అన్నం తిన్నాక నా డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టాను.

"నీకు ఉత్తది తగిలింది. నాకు తెలిసిపోయింది. ఇదో, నాది ఏసుకో. ఎవరికి తెలస్తాది?"

ఆయన ఎడమచెయ్యి డబ్బా దాకా పోయి ఆగింది. ఆశ లేదని అనను. నొప్పితో ఉన్న మనిషికి ఆశ ఎందుకుండదు?

"తీసుకపో" అన్నాడు.

"ఎందుకు?"

"గుడ్డ కింద సెయ్యి పెట్టినాక గుడ్డ ఎత్తి సూడకూడదే. ఆ డాక్టరమ్మ నా మాట నమ్మి సెయ్యిచ్చింది. నేను దొంగతనంగా ఇంగో మాత్ర ఏసుకుంటే ఆమె లెక్క తప్పుతాది. అది తప్పితే నా మాదిరి ఇంకెంతమందికి తప్పుతాదో."

"అయితే ఇట్టనే కుళ్ళిపో!" అని అరిచి డబ్బా తీసుకుని లోపలికి వచ్చేశాను. వచ్చాక కూడా ఊరుకోలేక స్టెల్లాకు ఫోన్ చేశాను. ఇట్లా నా మాత్ర వేస్తే ఏమవుతుందని అడిగాను. "అయ్యో, వద్దమ్మా! ఆయనకు ఇప్పటికే అసలు మాత్రే పడుతూ ఉంటే రెండింతలు అవుతుంది. ఒకరికి రాసింది ఇంకొకరు వేసుకోకూడదు. నొప్పి ఓర్చుకోలేకపోతే ఆయన్ని తీసుకురండి, వేరే దారి చూద్దాం" అంది. ఆయన మొండితనమే మంచిదయిందని అప్పుడు అనుకున్నాను. ఆయనతో మాత్రం అనలేదు.

*

అది జూన్‌లో, తొలకరి చినుకులు పడి మండీ అంతా బురదగా ఉన్న పొద్దు. ఆయన నా బల్ల మీద కూర్చుని, తోతాపురి రేటు ఫ్యాక్టరీ వాళ్ళు తగ్గించారని గోవిందుతో గట్టిగా వాదిస్తున్నాడు. నేను టీ గ్లాసు అందించాను. ఎప్పుడూ ఎడమచేత్తో అందుకునేవాడు. ఆ రోజు కోపంలో ఉన్నాడేమో, కుడిచేత్తో అందుకున్నాడు. పొగలు కక్కే గ్లాసు. దాన్ని అలాగే పట్టుకుని వాదించాడు, ఊదుకుంటూ తాగాడు, ఖాళీ గ్లాసు బల్ల మీద టక్కున పెట్టాడు. వాదన ఆపలేదు.

ఆయనకు తెలియలేదు. గోవిందు చూడలేదు. నేను ఒక్కదాన్నే చూశాను.

నేనేమీ అనలేదు. అంటే నా దిష్టే తగులుతుందని భయం. పొయ్యి వెనక్కి పోయి, కట్టెల పొగ కళ్ళలో పడినట్టు నటించి, తనివిదీరా ఏడ్చాను. ఇంత సంతోషం నాకు పెళ్ళినాడు కూడా లేదు.

ఆ వారం స్టెల్లా ఫోన్ చేస్తే ఆయన బేరం ఆడలేదు. కొంచెం ఆలోచించి, "అయిదు" అన్నాడు. అని, తన మాట తనే నమ్మలేనట్టు నా వైపు చూశాడు. తరువాత వారం నాలుగు. చేయి కత్తిరించిన చొక్కాల మీద ఒక నిండు చేతుల చొక్కా వచ్చి చేరింది.

చెయ్యి అయితే వస్తోంది. షుగర్ మాటే పోలేదు. మండీలో ఆయన ముందుకు వచ్చి నిలబడితే రైతులు "బాగుండావా మామా" అని పలకరించి, కాయ మాత్రం గోవిందు ముందు పోసేవాళ్ళు.

ఖాదర్ కాయల చివరి లోడు తిరుమలయ్య తెచ్చాడు. ఖాదర్ అంటే మా వైపు రాజు లాంటి కాయ. తిరుమలయ్యకు ఉన్నవి కొన్నే చెట్లు, ఏడాదంతా వాటిని పిల్లల్లాగా చూసుకుంటాడు. బండి దిగి నేరుగా మా ఆయన దగ్గరికే వచ్చాడు, తల వంచుకుని.

"మామా, ఏమనుకోవద్దు. ఈసారి గోవిందన్నకు సెప్పినా. మా నాయనకు సుగరొచ్చినాక కాలికి ముల్లు దిగబడినా తెలిసేది కాదు. నీ ఏళ్ళ సంగతి కూడా అట్టనే అని..."

నాకు ఇక ఆగలేదు. చట్నీ గరిటె పట్టుకునే బయటికి వచ్చాను. "ఒరే తిరుమలయ్యా! సుగర్ నాకురా, ఆయనకు గాదు! ఎన్ని తూర్లు సెప్పాల ఈ మండీకి?" అని కేకేశాను. అందరూ నవ్వారు. నవ్వారే కాని నమ్మలేదు.

"నువ్వు ఊరుకో వసంతా" అన్నాడు మా ఆయన. భుజం మీది తుండుగుడ్డ తీసి విదిలించాడు. "మునికుమారప్పా, ఇట్ట రా."

మునికుమార్ కదల్లేదు. "మల్లీ గుడ్డ లాగేస్తే?"

"లాగితే ఇంగ ఈ గేటు తొక్కను. తిరుమలయ్యా, ఒకే ఒక బేరం. నా ఏళ్ళకు తెలీలేదని మునీ అన్నాడంటే నీ కాయ గోవిందుదే, నా సీటూ గోవిందుదే."

గోవిందు నా వైపు చూశాడు. మా ఆయన స్టెల్లాకు చెప్పిన నొప్పి నాలుగు. నాలుగంటే సున్నా కాదు కదా. గ్లాసు పట్టుకోవడం వేరు, మునికుమార్ లాంటి మోటుమనిషి వేళ్ళు పిసుకుతుంటే ఓర్చుకోవడం వేరు.

చేతులు కలిశాయి. గుడ్డ పడింది. గుడ్డ కింద పిల్లికూన కదిలినట్టు కదలిక. నేను గుడ్డ వైపు చూడలేదు, ఆయన ముఖమే చూస్తున్నాను. ఒకసారి దవడ బిగిసింది. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. దవడ వదులయింది. మునికుమార్ ముఖంలో చిన్న నవ్వు వచ్చింది, ఏదో తుంటరి పని చేసినవాడి నవ్వు. మా ఆయన కనుబొమ్మ పైకి లేచింది.

"ఈకతో రాసినట్టు రాస్తే అది బేరం కాదు మునీ. ఇచ్చేదేదో గట్టిగా పట్టియ్యి" అన్నాడు.

మునికుమార్ పెద్దగా నవ్వేశాడు. "తెలిసిపోయింది! ఇంత లేసుగా, ఈక మాదిరి రాసినా తెలిసిపోయింది ఈయనకు!" అని చుట్టూ ఉన్నవాళ్ళకు చెప్పాడు. ఇంకాస్త కదలిక. గుడ్డ లేచింది. బేరం తెగింది. తిరుమలయ్య చెవిలో ధర చెబితే అతని ముఖం విచ్చుకున్న తీరు చూసి, ఎంతకు తెగిందో నేను అడగనక్కర లేకపోయింది.

మా ఆయన నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి నా బల్ల మీద కూర్చున్నాడు.

"ఎంత?" అన్నాను.

"ధర సెప్పకూడదే."

"ధర కాదయ్యా. నొప్పి ఎంత?"

కళ్ళు మూసుకుని చేతిని అడిగినట్టు ఒక క్షణం ఆగాడు. "నాలుగే. పెరగలే" అన్నాడు. అప్పుడు నవ్వాడు. ఈ ఏడు మండీలో ఆయన నవ్వడం అదే మొదలు.

*

మాత్రలు ఇవ్వాల్సిన గడువు అయిపోయింది. మిగిలినవి తిరిగి ఇచ్చేశాం. ఆపేస్తే మళ్ళీ మొదలవుతుందేమోనని నేను రోజూ ఆయన చెయ్యి వైపు దొంగచూపులు చూశాను. మొదలవలేదు. రెండు దగ్గర నిలబడింది. మబ్బు పట్టిన రోజు మూడు.

కడపటిసారి ఆసుపత్రికి పోయినప్పుడు ఆగబట్టలేక అడిగేశాను. "ఇప్పుడన్నా సెప్పమ్మా, అసలుదా, ఉత్తదా?"

"నాకూ తెలియదమ్మా, నిజంగా. ఇంకా చాలామందిది పూర్తి కావాలి. ఈయనకు తగ్గింది మాత్ర వల్లే అని కూడా ఇప్పుడే చెప్పలేను. ఈ నొప్పి ఒక్కోసారి దానంతట అదే తగ్గుతుంది" అంది డాక్టరమ్మ. చెప్తున్నప్పుడు ఆమె కూడా మా ఆయన చేతి మీద దూదితో రాస్తోంది, ఆయన కదలకుండా కూర్చున్నాడు, ఆమె ముఖం మాత్రం వెలిగిపోతోంది.

మండీలో ఇప్పుడు అందరికీ తెలుసు ఎందుకు తగ్గిందో. గంగాధరం తన సింహం బొమ్మ వల్లే అంటాడు, మట్టి మెల్లగా పని చేస్తుందట. పనసకాయ వల్ల అంటాడు గోవిందు. నేను మాత్రం నా మాత్రే అని నమ్ముతున్నాను. పదేళ్ళు నాకు సేవ చేసిన మాత్ర, నా మొగుడికి ఆ మాత్రం సాయం చేయదా? ఆయన్ని అడిగితే, "గుడ్డ ఎత్తినప్పుడు సూద్దాం. ఏదైనా నాకు పేచీ లే" అంటాడు. ఇప్పుడు రోజూ రాత్రి నా మాత్ర, నీళ్ళ గ్లాసు ఆయనే తెచ్చి ఇస్తున్నాడు. ఎగతాళి బంద్.

ఆగస్టులో సీజను చివర నీలం కాయలు వచ్చాయి. చిన్న కాయ, చక్కెర లాంటి తీపి. అది అయిపోతే మళ్ళీ ఏడాది దాకా మామిడి లేదు. ఒక సాయంత్రం దీపం పెట్టే వేళ ఇద్దరం వాకిట్లో కూర్చున్నాం. ఆయన ఒక నీలం కోసి పళ్ళెంలో ముక్కలు పెట్టాడు. నేను ఏటా చేసినట్టే ముఖం పక్కకు తిప్పుకున్నాను.

"డాక్టరమ్మ నీకు రోంత తినొచ్చు అనింది గదా, నేను అడిగినా" అన్నాడు.

"రోంత అంటే ఎంత?"

ఆయన భుజం మీది తుండుగుడ్డ తీసి ఒడిలో పరిచి, కుడిచెయ్యి దాని కిందికి పోనిచ్చి, నా వైపు చూశాడు. నాకు అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. అర్థమయ్యాక సిగ్గు వేసింది, ఈ వయసులో. వీధిలో ఎవరైనా ఉన్నారేమోనని చూసి, నా చెయ్యి కూడా గుడ్డ కిందికి పోనిచ్చాను.

చలికాలం నుంచి తాకని చెయ్యి. నొప్పెడుతుందేమోనని భయపడుతూ మెల్లగా పట్టుకున్నాను. "గట్టిగా పట్టే. ఈకతో రాస్తే బేరం కాదు" అన్నాడు. అయితే కాచుకో అని అయిదు వేళ్ళూ కలిపి పట్టుకున్నాను. ఆయన నా చూపుడు వేలు ఒక్కటే పట్టాడు. నేను నాలుగన్నాను. ఆయన మళ్ళీ అదే ఒకటి. మూడు. ఒకటి. పీనాసి దళారి! నేను రెండుకు దిగి అక్కడే మొండికేశాను. ఆయన ఆలోచించినట్టు నటించి, నా చూపుడు వేలు పట్టుకుని, దాని పక్క వేలి నడిమి కణుపు మీద నొక్కాడు.

ఒకటిన్నర. నేను ఒప్పుకున్నాను.

బేరం తెగినాక గుడ్డ ఎత్తాలి, చెయ్యి వదిలెయ్యాలి. అది మండీ కట్టుబాటు. ఆయన గుడ్డా ఎత్తలేదు, చెయ్యీ వదల్లేదు. పళ్ళెంలో ముక్కల మీద ఈగ వాలింది. ఎవరమూ తోలలేదు.